నంబరు లేని తిమింగలం

డిసెంబర్ 17

మా తిమింగలాల వేటను అడ్డుకునేవాళ్ళ నల్ల ఓడ మళ్ళీ వచ్చింది. ఈ ఓడ మీద నా ఉద్యోగమంతా మూడు వాక్యాలు. అది దగ్గరికి వచ్చినప్పుడల్లా మైకు ముందు నిలబడి ఇంగ్లీషులో చదవాలి. "మీరు ప్రమాదంలో ఉన్నారు. దూరంగా వెళ్ళండి. ఇది అంతర్జాతీయ ఒప్పందంలోని ఎనిమిదో నిబంధన అనుమతించిన పరిశోధన."

చదివాను. అవతలి నుంచి ఒక పెద్దావిడ గొంతు వచ్చింది.

"అమ్మాయ్, ఏమీ వినబడటం లేదు. కాస్త గట్టిగా చెప్పు."

క్షమించమన్నాను. మైకు తీయకుండానే అన్నాను. రెండు ఓడలూ విన్నాయి.

కెప్టెన్ కురోగి గారు నొచ్చుకున్నారు. "ఇరియె గారూ, మనం వాళ్ళకి క్షమాపణ చెప్పకూడదండీ."

"క్షమించండి," అన్నాను.

ఆ రోజు ఆడిన అబద్ధాలు రాసుకోవడం బడిలో సిస్టర్ బెర్నడెట్ నేర్పిన అలవాటు, ఇక్కడ కూడా మానలేదు. ఈరోజు అబద్ధాలు: లేవు. పరిశోధన అన్న మాట నాది కాదు, ఒప్పందానిది.

డిసెంబర్ 18

ఈరోజు తిమింగలాలు: నంబరు నూట ఎనభై ఒకటి, నూట ఎనభై రెండు. డెక్కు కడిగారు. మధ్యాహ్నం కూర అన్నం.

డిసెంబర్ 19

మా ఓడ పరిశోధకుడు డాక్టర్ ఉసామి గారి నివేదికకు ఇంగ్లీషు సరిచూశాను. తిమింగలం వయసు దాని చెవిలోని గులిమి పొరలు లెక్కబెడితే తెలుస్తుంది. గులిమి తీయాలంటే తిమింగలాన్ని చంపాలి. అందువల్ల చంపుతాం. మిగిలినదాన్ని పారేయకూడదని ఒప్పందమే చెబుతోంది కాబట్టి కోసి, గడ్డకట్టించి, ఇంటికి తీసుకెళ్తాం.

ఆయన ఈ ఓడ ఎక్కడం ఇది ఇరవై రెండోసారి. ఇరవై రెండు నివేదికలకీ చివరి వాక్యం ఒకటే. "మరింత పరిశోధన అవసరం." ఈ ఏడాది ఆ వాక్యాన్ని కొంచెం మార్చమంటారా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "చాలా మరింత అని రాయొచ్చా?" అన్నారు.

అబద్ధాలు: లేవు.

డిసెంబర్ 21

ఈరోజు ఒకామె మా ఓడ ఎక్కింది.

పొద్దున ఇంధనం నింపుకోవడానికి ఓడ ఆగి ఉంది. వెనక, తిమింగలాల్ని పైకి లాగే ఏటవాలు దారి తెరిచే ఉంది. నల్ల ఓడ నుంచి రబ్బరు పడవ వచ్చి సరిగ్గా దాని కింద ఆగింది. నారింజ రంగు సూటు వేసుకున్న మనిషి దిగి ఆ దారినే నడిచి పైకి రావడం మొదలుపెట్టింది. అక్కడ ఎప్పుడూ కొవ్వు ఉంటుంది. రెండుసార్లు జారి కిందికి పోయింది.

మాంసం కోసేవాళ్ళ మేస్త్రి సెన్‌జో గారు పైనుంచి చూస్తున్నారు. మా ఊరివాడు, నాన్న స్నేహితుడు. మూడోసారి జారేసరికి తాడు విసిరారు. "పట్టుకోండమ్మా. అక్కడ కాలు పెడితే జారుద్ది. పక్కన పెట్టండి." నలుగురు కలిసి లాగారు. ఇంతవరకు ఆ దారిన ప్రాణంతో పైకి వచ్చింది ఆమె ఒక్కతే.

హెల్మెట్ తీస్తే తెల్లజుట్టు. అరవై ఏడేళ్ళట. పేరు విన్‌ఫ్రెడ్ హాలోరన్. టాస్మేనియాలో ముప్పై ఏళ్ళు కోర్టు గుమస్తాగా చేసి రిటైరయింది. మెడలోని నీళ్ళు పోని సంచిలోంచి కాగితం తీసి చదివింది. నేను తర్జుమా చేశాను.

"నేను అనుమతి లేకుండా ఈ ఓడ ఎక్కాను. ఇది మీ చట్టం ప్రకారం నేరం. దయచేసి నన్ను అరెస్టు చేయండి."

కెప్టెన్ గారు నా వైపు చూశారు. "సరిగ్గానే విన్నారా?"

"విన్నానండి."

"అరెస్టు చేస్తే ఏమవుతుందో అడగండి."

ఆమె వివరంగా చెప్పింది. జపాన్ ఓడ మీద జరిగిన నేరం జపాన్ కోర్టులో విచారణకు వస్తుంది. ఎందుకు ఎక్కావని జడ్జి అడగాలి. చట్టవిరుద్ధమైన వేటను ఆపడానికి, అంటుంది. అప్పుడు మాది పరిశోధనో వేటో కోర్టే తేల్చాలి. ఇన్నేళ్ళలో ఏ కోర్టూ ఆ పని చేయలేదు. "మావాళ్ళలా మీ ఓడ మీదికి సీసాలు విసిరితే ఏం లాభం? నాకు కావలసింది ఒక కేసు నంబరు," అంది.

సెన్‌జో గారు లోపలికి వెళ్ళి చెప్పులు తెచ్చి ఆమె పాదాల ముందు పెట్టారు. అతిథులకు పెట్టే చెప్పులు.

అబద్ధాలు: లేవు. అన్నీ ఆమె మాటలే.

డిసెంబర్ 22

టోక్యో నుంచి నిషివాకి గారు ఫోన్ చేశారు. మా సంస్థలో విదేశీ వ్యవహారాలు ఆయనవే. కెప్టెన్ గారు స్పీకరు పెట్టారు, నేను రాసుకున్నాను.

"అరెస్టు చేశారా?"

"ఇంకా లేదండీ."

"చేయొద్దు. చేస్తే కోర్టు."

"అయితే తిరిగి పంపించేస్తాం."

"పంపిస్తే రేపు పదిమంది వస్తారు."

"మరి?"

"ఆమె ఎక్కలేదు."

"ఎక్కారండీ. టీ తాగుతున్నారు."

తర్వాత నిషివాకి గారు చాలా ప్రశాంతంగా అన్నారు. "పిలిస్తే వచ్చింది. బయటి పరిశీలకురాలు. అనుమతి పత్రంలో పరిశీలకుల గడి ఇరవై ఏళ్ళుగా ఖాళీగా ఉంది. అక్కడ పేరు రాయండి. ఆస్ట్రేలియా గస్తీ ఓడ వచ్చి తీసుకెళ్ళేదాకా మర్యాదలు చేయండి. ఇరియె గారూ, ఒక ఆహ్వానం రాయండి. డిసెంబర్ ఒకటి తేదీ వేయండి."

నేను రాసుకోవడం ఆపాను.

"మన సంస్థ లైబ్రరీలో మీరు అడిగిన సీటు నాకు గుర్తుంది. ఈ ప్రయాణం సాఫీగా అయిపోతే ఏప్రిల్ నుంచి మీదే. అక్కడికి ఎవరూ రారు."

ఎవరూ రారన్న మాట చాలా బాగుంది. మూడో అంతస్తు, ఉత్తరం వైపు గది, పాత ఓడల దినచర్య పుస్తకాలు. ఫోన్లు లేవు, మైకులు లేవు.

ఆహ్వానం రాశాను. సిస్టర్ నేర్పిన గుండ్రటి అక్షరాలతో, "మా పరిశోధనను స్వయంగా దర్శించి మమ్మల్ని గౌరవించవలసిందిగా" అని.

హాలోరన్ గారు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. "తేదీ ఒకటో తారీఖు. సిరా ఇంకా తడిగా ఉంది," అంది. నన్నేమీ అనలేదు. అక్షరాలు బాగున్నాయి అంది.

అబద్ధాలు: లేవు. రాయించింది టోక్యో.

డిసెంబర్ 24

ఓడ మీద ఆడవాళ్ళం మేమిద్దరమే కాబట్టి ఆమెను నా గదిలో పెట్టారు. గురక పెడుతుంది. ఇంత దక్షిణాన ఈ నెలల్లో పొద్దు కుంకదు కాబట్టి కిటికీకి నల్ల కాగితం అంటించి పడుకుంటాం.

ఆమె కూడా సిస్టర్ల దగ్గరే చదివిందట. జపమాల చూసి గుర్తుపట్టింది. ఇద్దరం ఎవరి భాషలో వాళ్ళం ప్రార్థన చేశాం. రెండూ ఒకేసారి అయిపోయాయి.

"ఆ నోటుబుక్కులో ఏం రాస్తావు?"

"ఆ రోజు ఆడిన అబద్ధాలు."

"నేను ముప్పై ఏళ్ళు మిగతావాళ్ళవి రాశాను. నీవి చాలా ఉంటాయా?"

"ఇంతవరకు లేవండి."

ఆమె నవ్వలేదు. దుప్పటి సర్దుకుంటూ, "అది మంచి గుమస్తా లక్షణం కాదే," అంది.

డిసెంబర్ 25

వంటవాడు అతిథి కోసం తిమింగలం తోక దగ్గరి మాంసం పువ్వులా కోసి పెట్టాడు. అంతకంటే మంచి ముక్క ఉండదు. ఆమె తినదు. మిసో పులుసులో కూడా చేప ఉందని పక్కన పెట్టేసింది. అన్నం, పుల్లటి ఊమె పండు ఊరగాయ మాత్రం తింటోంది. వంటవాడు నా దగ్గరికొచ్చి, "నా చేతివంట బాగాలేదా?" అని అడిగాడు. సిద్ధాంతం అని చెప్పాను. "సిద్ధాంతానికి ఉప్పు తక్కువైందా?" అన్నాడు.

డిసెంబర్ 26

టోక్యో కొత్త ఆదేశం పంపింది. ఆమె ఓడ మీద ఉన్నంతకాలం వేట ఆపాలి. పరిశీలకురాలు పరిశీలించడానికి ఏమీ ఉండకూడదు.

రేడియోలో చెబితే నల్ల ఓడ వింటుంది. అందుకని సర్క్యులర్ తీశారు. నేనే టైపు చేశాను. కింద తొమ్మిది గడులు. ఒక్కొక్కరూ చదివి ముద్ర వేసి తర్వాతివారికి పంపాలి. కెప్టెన్, మొదటి అధికారి, చీఫ్ ఇంజనీరు, డాక్టర్ ఉసామి, ఇలా హోదా వరసలో. చివరి మూడు గడులూ మూడు వేట పడవలవి.

వేట ఆగిందని కెప్టెన్ గారు సాయంత్రమే టోక్యోకి తెలియజేశారు. సర్క్యులర్ రెండు ముద్రలతో చీఫ్ ఇంజనీరు ట్రేలో ఉంది. ఆయనకు కడుపునొప్పి, పడుకున్నారు. వరస తప్పించి పంపితే ఆయనను అవమానించినట్టవుతుంది.

డిసెంబర్ 28

చీఫ్ ఇంజనీరుకి కొంచెం నయం. గంజి తాగారట. ముద్ర వేయలేదు.

డిసెంబర్ 29

పొద్దున ఎనిమిదింటికి మూడో వేట పడవ ఒక మింకె జాతి తిమింగలాన్ని పక్కకు కట్టుకుని వచ్చింది. ఆ పడవకి సర్క్యులర్ చేరలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. ముద్ర వేయని ఆదేశం వాళ్ళకు ఆదేశం కాదు.

కెప్టెన్ గారు భోజనాల గదికి పరుగెత్తుకొచ్చారు. పెద్దవయసులో పరుగెత్తేవాళ్ళను చూస్తే నాకు భయం. "ఇరియె గారూ, హాలోరన్ గారికి ఇప్పుడే డాక్టర్ గారి ఉపన్యాసం. కిటికీలకు తెరలు వేయించండి. బొమ్మలు కనబడాలి కదా."

ఉపన్యాసం పేరు "గులిమి పొరలు: కొన్ని ఆలోచనలు". రెండు గంటల పది నిమిషాలు. ఎనభై నాలుగు బొమ్మలు. డాక్టర్ గారు ఇంతమంచి శ్రోతను ఎన్నడూ చూడలేదట. ఆమె అన్నీ రాసుకుంది, ప్రశ్నలు వేసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నేను నిలబడిన చోట తెర అంచు ఒక జానెడు పక్కకు తొలగి ఉంది. అందులోంచి వెనకడెక్కు కనబడుతుంది. ముప్పై ఒకటో బొమ్మ దగ్గర తాడు బిగుసుకుంది. తోక ముందు వచ్చింది. తర్వాత పొట్ట, తెల్లగా. సెన్‌జో గారు టోపీ తీసి చేతులు జోడించారు. ఎప్పుడూ అలాగే చేస్తారు. కత్తి పెట్టారు. లోపల పిల్ల ఉంది. నా ముంజేయంత.

హాలోరన్ గారు చెయ్యెత్తింది. "ఏదో చప్పుడు. ఇప్పుడు వేట జరుగుతోందా?"

డాక్టర్ గారికి తర్జుమా చేశాను. ఆయన నేల వైపు చూస్తూ, "వేట లేదు. ఇంజను మరమ్మతు," అన్నారు.

ఆమె నా మొహమే చూస్తోంది. నేను ఇంగ్లీషులో, "వేట లేదు. ఇంజను మరమ్మతు," అన్నాను. మొదటిసారి నా గొంతు గట్టిగా, స్పష్టంగా వచ్చింది.

అబద్ధాలు: తర్జుమా చేసినవి లెక్కలోకి వస్తాయా అని సిస్టర్‌ను ఎప్పుడూ అడగలేదు.

డిసెంబర్ 30

కెప్టెన్ గారి గదిలో సమావేశం. టీ పోయడానికి నన్ను ఉంచారు.

నిన్నటి తిమింగలానికి డాక్టర్ గారు నంబరు ఇవ్వనన్నారు. "వేట ఆగిందని మీరు ఇరవై ఆరునే టోక్యోకి రాశారు. వేట లేని రోజున తిమింగలం ఎలా వస్తుంది? నంబరు ఇస్తే వేట జరిగినట్టే."

"నంబరు ఇవ్వకపోతే?"

"పరిశోధన జరగనట్టు."

"పరిశోధన లేకుండా చంపితే..." అని కెప్టెన్ గారు మొదలుపెట్టి ఆపేశారు. ఎనిమిదో నిబంధన మా అందరికీ కంఠతా వచ్చు.

డాక్టర్ గారు టీ కప్పు పక్కన పెట్టారు. "నేను ఉపన్యాసంలో ఉన్నాను. చెవి తెరవలేదు. తల సముద్రంలోకి తోసేశారు. ఎనిమిదిన్నర మీటర్ల ఆడది. దాని వయసు ఎంతో ఇక ఎవరికీ తెలియదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈయనకు నిజంగానే వయసు తెలుసుకోవాలని ఉందని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ ఆలోచనే రాలేదు నాకు.

టోక్యో నిర్ణయం వచ్చింది. వేట జరగలేదు కనుక తిమింగలం లేదు. మాంసాన్ని సరుకులో చేర్చకుండా, ఓడ వాళ్ళందరికీ పంచే కానుక పెట్టెల్లో సర్దేయమన్నారు.

జనవరి 1

బియ్యం దంచి మోచి ముద్దలు చేశారు. హాలోరన్ గారు రోకలి తీసుకుని పది నిమిషాలు ఆగకుండా దంచింది. చుట్టూ నిలబడినవాళ్ళు లెక్కపెట్టారు. "ఈవిడ వాళ్ళ ఓడలో ఉండి ఏం చేస్తుంది, మనకిచ్చేయమనండి," అన్నారు సెన్‌జో గారు. తర్జుమా చేశాను. "ఈయన్నీ మాకిచ్చేయమను, మా ఓడలో తాడు సరిగ్గా విసిరేవాడు లేడు," అంది. ఇద్దరూ ఒకరి చేతుల కాయలు ఒకరు చూసుకున్నారు.

జనవరి 3

మా ఊళ్ళో తిమింగలం మాంసం పంచితే పెట్టె మూత కింద ఒక కాగితం పెడతారు. ఏ రోజున, ఎక్కడ, ఆడదా మగదా, కడుపుతో ఉందా, ఎవరు పట్టారు, ఎవరు కోశారు, ఎవరికి ఇస్తున్నారు. తినేవాళ్ళు ముందు అది చదివి, తర్వాత తింటారు. గుడిలో కూడా అవే వివరాలతో ఒక పుస్తకం ఉంది. కడుపులో పోయిన పిల్లలకు విడిగా ఒక రాయి ఉంది. చిన్నప్పుడు చదవడానికి ఇంకేమీ దొరక్కపోతే నేను ఆ పుస్తకం చదివేదాన్ని.

ఈ ఓడ మీద కూడా సెన్‌జో గారు ఆ పద్ధతి వదల్లేదు. ఈసారి మాత్రం కాగితాలు వద్దని కెప్టెన్ గారు చెప్పారు. మధ్యాహ్నం సెన్‌జో గారు నా గది తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. హాలోరన్ గారు డెక్కు మీద నడుస్తోంది.

"అమ్మాయీ, పని ఉంది. నీ చేతిరాత బాగుంటుంది. వెనకటికి మీ నాన్న రాసేవాడు నాకు."

"కెప్టెన్ గారు వద్దన్నారు కదండి."

"పైన వద్దన్నారు. మూత కింద ఎవరు చూస్తారు? కాగితం లేని మాంసం నేను మనిషన్నవాడికి పెట్టను."

"టోక్యో వాళ్ళు అసలు తిమింగలమే లేదన్నారు."

"మరి నేను కోసిందేంటి, దోసకాయా?"

ఏం రాయమంటారని అడిగాను.

"జరిగింది రాయి. ముప్పై ఏళ్ళుగా ఎన్ని కాగితాలు చూశానో. పైవాళ్ళవి, కిందివాళ్ళవి. అబద్ధం రాయకూడనిది ఈ ఒక్కటే. పిల్ల సంగతి కూడా రాయి."

"నంబరు?"

"లేదుగా. లేదనే రాయి."

సాయంత్రం దాకా రాశాను. ఓడ జాబితాలో ఉన్న ప్రతి పేరుకూ ఒకటి. చివరి పేరు పరిశీలకురాలు, హాలోరన్ విన్‌ఫ్రెడ్. జాబితాలో పేరుంటే పెట్టె ఉంటుంది. లేకపోతే అది అన్యాయం, సెన్‌జో గారు ఊరుకోరు.

జపాన్ భాషలో ఉన్న ఆ కాగితాన్ని ఆమె చదవలేకపోతుంది కదా అనిపించింది. అతిథికి అర్థం కాని కానుక ఇవ్వడం మర్యాద కాదు. అందుకని వెనకవైపు ఇంగ్లీషులో కూడా రాశాను. మర్యాద కోసమే. ఇంకే ఉద్దేశమూ లేదు.

అబద్ధాలు: పై వాక్యం గురించి రేపు ఆలోచిస్తాను.

జనవరి 5

గస్తీ ఓడ వచ్చింది. అందరూ డెక్కు మీద వరసగా నిలబడ్డారు. వంటవాడు ఊమె పండ్ల సీసా ఇచ్చాడు. డాక్టర్ గారు ఎనభై నాలుగు బొమ్మల నకలు ఇచ్చారు.

కెప్టెన్ గారు వెనక్కి తిరిగి సెన్‌జో గారిని మెల్లగా అడిగారు. "కాగితం లేదు కదా?"

"పైన లేదండీ."

కెప్టెన్ గారు పెట్టెను రెండు చేతులతో పట్టుకుని నడుము వంచారు. "తగిన సౌకర్యాలు చేయలేకపోయాం. మా అందరి తరఫునా చిన్న కానుక."

తర్జుమా చేశాను. లోపల ఏముందో కూడా చెప్పాను. ఆమె మొహం గట్టిపడింది.

"నేను తీసుకోనని చెప్పు."

చెప్పాను. కెప్టెన్ గారు వంగిన నడుము ఎత్తలేదు. ఓడ ఊగుతోంది. ఆయనకు వెన్నునొప్పి ఉంది. గస్తీవాళ్ళ పడవలో ఒకతను చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. ఇంకో నిమిషంలో ఆమె వెళ్ళిపోతుంది, పెట్టె ఇక్కడే ఉంటుంది, నేను ఏప్రిల్లో మూడో అంతస్తుకు వెళ్తాను.

నేను మాట్లాడాను. ఎవరూ చెప్పమనలేదు.

"హాలోరన్ గారూ. మీ దేశంలో దిగేటప్పుడు ఇందులో ఏముందని అడుగుతారు. ఇది తీసుకురావడం అక్కడ నేరం. మీరు నిజం చెప్పాలి, మూత తెరిచి చూపించాలి. మూత కింద కాగితం ఉంది. రెండు వైపులా రాసి ఉంది. అరెస్టు చేయాలా వద్దా అని వాళ్ళు టోక్యోకి ఫోన్ చేసి అడగరు."

ఇంత పొడుగ్గా నేను ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె నన్ను చూసింది. తర్వాత పెట్టెను చూసింది, ఆ రోజు ఆహ్వానాన్ని వెలుతురుకు ఎత్తి చూసినట్టు. రెండు చేతులూ ముందుకు చాచి పెట్టె అందుకుని, కెప్టెన్ గారి కంటే కిందికి వంగింది.

కెప్టెన్ గారి కళ్ళు తడిశాయి. "చివరికి మన మనసు తెలుసుకున్నారు. ఏం చెప్పారండీ ఆమెకి?"

"కస్టమ్స్ నిబంధనలు చెప్పానండి."

అబద్ధాలు: లేవు. నిజంగా లేవు.

జనవరి 6

గదిలో గురక లేదు. నిద్ర పట్టలేదు.

జనవరి 9

సర్క్యులర్ తొమ్మిదో ముద్రతో తిరిగి వచ్చింది. ఫైల్లో పెట్టాను.

జనవరి 20

టోక్యో ఫోన్. టాస్మేనియాలోని హోబార్ట్ రేవులో ఆమె తనంతట తానే పెట్టె బల్ల మీద పెట్టి, నిషిద్ధ వస్తువు తెచ్చాను, అరెస్టు చేయండి అందట. వాళ్ళు చేశారట. ఏడు నిమిషాలు పట్టిందట.

కెప్టెన్ గారు కుమిలిపోతున్నారు. "మన కానుక వల్ల పాపం ఆ పెద్దావిడకి ఎంత కష్టం వచ్చింది. మనం ఇన్నాళ్ళు అరెస్టు కాకుండా కాపాడుకున్నాం." క్షమాపణ లేఖ రాయమన్నారు. రాశాను. "మేము ఇది ఊహించలేకపోయినందుకు" అని ఆయన రాయమన్నచోట, "మేము" తీసేసి "కెప్టెన్" అని పెట్టాను.

ఏప్రిల్ 4

మూడో అంతస్తు. ఉత్తరం వైపు గది. ఎవరూ రారు.

ఏప్రిల్ 16

నిషివాకి గారు వచ్చారు.

హోబార్ట్ కోర్టు నుంచి కవరు వచ్చిందట. ఆమె తన నేరం ఒప్పుకుంది. ఎందుకు తెచ్చావంటే, ఒక కాగితం చూపించింది. దానితో పాటు ఒక ఆహ్వానం, గులిమి బొమ్మలు ఎనభై నాలుగు. ఆ బొమ్మల్లో డిసెంబర్ ఇరవై తొమ్మిదిన పట్టిన తిమింగలం లేదని జడ్జి గమనించాడు. ఆ కాగితం అసలైనదేనా, రాసిందెవరు, తిమింగలం నంబరు ఎంత, అని మా సంస్థకు మూడు ప్రశ్నలు పంపాడు.

"జవాబు డ్రాఫ్ట్ చేయండి. మర్యాదగా, పొడుగ్గా. మనకేమీ సంబంధం లేదని. శుక్రవారానికి పంపాలి."

కాగితం నకలు నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. నా అక్షరాలు. ఆయన వాటిని ఒక్కసారి కూడా పరీక్షగా చూడలేదు. అక్షరాలు బాగున్నాయి అన్నది ఆమె ఒక్కతే.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. కోర్టుకు నిజం రాస్తే ఉద్యోగం పోవచ్చని చెప్పాను. సెన్‌జో గారికీ, ఊరికీ కూడా నష్టం రావచ్చని చెప్పాను. నాన్న టీవీ గొంతు తగ్గించాడు.

"సెన్‌జో చెప్పాడులే. కాగితం రాశావటగా."

"రాశాను."

"జరిగిందే రాశావా?"

"ఆ."

"పిల్ల సంగతి?"

"రాశాను."

"మరి ఇప్పుడు రాయనంటే ఎలా? చలికి స్వెట్టరు వేసుకుంటున్నావా?"

ఏప్రిల్ 18

జవాబు రాశాను. నాలుగు పేజీలు. మొదటి రెండు పేజీలూ వసంత రుతువు గురించి, ఉభయ దేశాల స్నేహం గురించి, గౌరవ న్యాయస్థానం ఆరోగ్యం గురించి. మూడో పేజీ మధ్యలో ఇలా రాశాను. "కాగితం అసలైనది. రాసింది నేను. ఆహ్వానం రాసింది కూడా నేనే, తేదీ నిజం కాదు. తిమింగలానికి నంబరు లేదు." నాలుగో పేజీ మళ్ళీ వసంత రుతువు.

దాచలేదు. పేజీ నంబర్లు వేశాను. పైన పదకొండు గడుల సర్క్యులర్ చీటీ అంటించి, మొదటి గడిలో నా ముద్ర వేసి, వరసలో పంపాను.

ఏప్రిల్ 19

ఆరు ముద్రలు. నిషివాకి గారు మొదటి పేజీ చూసి, "చెర్రీ పూల వాక్యం బాగుంది," అని ముద్ర వేశారట.

ఏప్రిల్ 20

పదో గడి డాక్టర్ ఉసామి గారిది. ఆయన కాగితాలు పట్టుకుని మూడో అంతస్తుకు వచ్చారు. ఆయన నా నాలుగు పేజీలూ చదివారు. ఇరవై రెండేళ్ళు చెవుల్లో పొరలు లెక్కబెట్టినాయన, ఏదీ చదవకుండా వదలరు. మూడో పేజీ తెరిచి నా ముందు పెట్టి నిలబడ్డారు. నేను కుర్చీలోంచి లేచాను.

"వయసు రాయలేదు," అన్నారు.

"తెలియదు కదండి."

"తెలిసేది. చెవి తెరిచి ఉంటే తెలిసేది." కిటికీలోంచి చూశారు. "తెలియదని కూడా రాయండి. లేకపోతే వివరాలు అసంపూర్ణం."

రాశాను. ఆయన చదివి, జేబులోంచి ముద్ర తీసి, నోటితో ఒకసారి ఊదుకుని, గడి మధ్యలో సరిగ్గా నిటారుగా వేశారు. డైరెక్టరు గారి పదకొండో ముద్ర మధ్యాహ్నానికి పడింది.

పోస్టాఫీసుకు నేనే వెళ్ళాను. కౌంటరు దగ్గరి అమ్మాయి, "లోపల ఏముంది?" అని అడిగింది. నా మాట వినబడలేదట, మళ్ళీ అడిగింది.

"సాక్ష్యం," అన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

ఇంటికి వచ్చి ఈ నోటుబుక్కులో డిసెంబర్ 22 తీశాను. "లేవు" కొట్టేసి "ఒకటి" అని రాశాను. డిసెంబర్ 29కి ఒకటి. జనవరి 3కి ఒకటి. డిసెంబర్ 17 దగ్గర ఆగాను. ఎనిమిదో నిబంధన ఎవరి మాట అయినా, మైకులో వినిపించిన గొంతు నాదే. ఆ రోజు కూడా ఒకటి, అది చదివిన ప్రతి రోజూ ఒకటి. ఎన్నిసార్లు చదివానో ఓడ దినచర్య పుస్తకంలో ఉంటుంది. అది రేపు లైబ్రరీకి వస్తుంది. నన్ను లోపలికి రానిస్తే, లెక్కపెడతాను.

ఈరోజు అబద్ధాలు: లేవు.